పురుగులు వెంటపడ్డ మొనగాడు

తుపాకి అంటే ఆ చుట్టుపక్కల పొలాల్లో తెలియనివాళ్ళు లేరు. చేతిలో ఎప్పుడూ మందుకొట్టే పంపు గొట్టం ఉంటుంది కాబట్టి ఆ పేరు. అతడు పంపు వీపుకు తగిలించుకుని గట్టెక్కితే పైన పోయే కాకులు ముక్కులు మూసుకుని దారి మళ్ళేవి. ఆ మందుకు ముందుగా రాలిపోయేవి సాలెపురుగులు, కందిరీగలు. అంటే పురుగుల్ని తినిపెట్టే జీతం లేని పనివాళ్ళు. కాయతొలుచు పురుగు మాత్రం టమాటాలో దూరి, లోపల గడియ పెట్టుకున్నట్టు హాయిగా మేసేది.

"చూశారా, ఒక్కటీ బయటికి రావడం లేదు. భయం!" అనేవాడు.

పొలం అతడిది కాదు, అక్కది. ఈ ఏడు నారు నాటగానే ఆమె వచ్చి తేల్చేసింది. "ఒరేయ్, పోయినసారి నీ టమాటాలు కోసిన కత్తి కూడా మందు కంపు కొట్టింది. ఈసారి పంపు ముట్టుకున్నావో, పొలం ఇంకొకరికి ఇచ్చేస్తా."

పొలం లేని తుపాకిని ఎవడు పలకరిస్తాడు? మర్నాడే వ్యవసాయాఫీసుకు పోయి, గరాటు కింద సంచి కట్టిన బుట్టలు తెచ్చాడు. వాటిలో ఆడ పురుగు వాసన పట్టించిన రబ్బరు బిళ్ళలు పెడితే మగ రెక్కపురుగులు వచ్చి సంచిలో పడతాయి, గుడ్లు తగ్గుతాయి. ఆఫీసాయన ఇదంతా చెబుతుంటే తుపాకి కిటికీలోంచి బయటికి చూస్తూ, "మాకు తెలియనిదా సార్!" అన్నాడు.

బుట్టలు కర్రలకు వేలాడదీశాడు. బిళ్ళలు మాత్రం చొక్కా జేబులో దాచుకున్నాడు. అంత చిన్న వస్తువు పొలంలో వదిలేస్తే ఎవడైనా కొట్టేయడూ?

చీకటి పడేసరికి రెక్కపురుగులు ఇంట్లో దీపాన్ని కూడా వదిలేసి అతడి రొమ్ము మీద వాలాయి. భార్య పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇన్నేళ్ళ కాపురంలో మీ అందానికి ఎవరూ పడలేదనుకున్నా. పాపం, ఇవి పడ్డాయండీ!"

"నోర్మూసుకో. నా పేరు విని లొంగిపోవడానికొచ్చాయి."

"ఆ బిళ్ళలు బుట్టల్లో పెట్టాలేమో, ఒకసారి అడిగి రండి."

"అడగడమా? నేనా?"

ఆ లొంగుబాటు రోజూ సాగింది. బుట్టలు ఖాళీ, కాయలకు చిల్లులు. ఓర్చుకోలేక ఒక సాయంత్రం తుపాకి పంపు నింపుకుని సాళ్ళలోకి దిగాడు. గొట్టం ఎత్తాడో లేదో, గట్టు మీద అక్క. పక్కన భార్య.

"ఏమిట్రా, ఆ పురుగులన్నీ నీ జేబు చుట్టూ చుట్టాల్లా మూగాయి?"

"పంపు చూసి బెదిరిపోయాయక్కా!"

"బెదిరితే పారిపోవాలి గదరా సన్నాసీ! జేబులో ఏముందో తియ్యి."

బిళ్ళలు బయటపడ్డాయి. అక్క మరదలి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పలేదా?"

"చెబితే వింటే గదా వదినా!"

"అయితే రేపటి నుంచి సాగు నీది. వీడు నీ చేతి కింద కూలి." పంపు లాక్కుని వెళ్ళిపోయింది అక్క.

భార్య ఆఫీసుకు పోయి, సిగ్గుపడకుండా అడిగి, కొత్త బిళ్ళలు తెచ్చి బుట్టల్లో పెట్టింది. సంచులు నిండసాగాయి. తుపాకి బకెట్ పట్టుకుని చిల్లుకాయలు ఏరుతుంటే, దారినపోయే పక్కపొలం రైతు ఆగాడు.

"ఏం తుపాకీ, పంపేదీ?"

"పంపెందుకోయ్? ఆ సంచులు చూడు. నా దెబ్బకు ఎన్ని పడ్డాయో!"

"దెబ్బల సంగతి తర్వాత," అంది భార్య అవతలి సాలులోంచి. "ఇక్కడ రెండు చిల్లుకాయలు వదిలేశారు. వెనక్కి రండి."

వెనక్కి వచ్చాడు.