ఝాన్సీలక్ష్మి గారి కొత్త గిన్నెలు

లిఫ్ట్ తలుపులు ఇంకా తెరుచుకోలేదు. లోపల మాత్రం గుడిగంటల గుంపొకటి దారి తప్పి కెనడాలోని స్కార్‌బరో వచ్చినట్టు గిన్నెలు మోగుతున్నాయి. తెలుగు సంఘం పత్రికకు ఝాన్సీలక్ష్మి గారి గురించి రాయాలని వచ్చిన స్పందన అనే అమ్మాయి పక్కకు జరిగింది. రెండు సంచులతో ఆవిడ బయటకొచ్చారు.

రిటైరయ్యాక ఝాన్సీలక్ష్మి గారు స్నేహితులను పోగేసి, మతం పేరిట వేధింపులు పడుతున్న మూడు యూదు కుటుంబాలను స్పాన్సర్ చేసి కెనడా రప్పించారు. మూడో కుటుంబంలోని పెద్దావిడ మహీన్ ఇరాన్ నుంచి దిగి రెండు రోజులైంది. ఆపిల్ పళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఝాన్సీలక్ష్మి గారు ప్రేమగా తన ఇంటి గిన్నెలనే చింతపండుతో తళతళా తోమి ఇచ్చారు. ఇంకో వంటింట్లో వాడినవి యూదుల ఆచారానికి పనికిరావని ఆవిడకు తోచలేదు.

"ఈసారి కొత్తవమ్మా. వాళ్ళ పద్ధతిలో నీళ్ళలో ముంచి మరీ తెచ్చా. మాంసం, పాలు కలవకూడదట; మాంసానికి ఎర్ర దారం, పాలకు తెల్ల దారం కట్టా," అంటూ మహీన్ వాళ్ళ ఫ్లాట్‌లోకి నడిచి, ఆ హుషారులో తెల్ల దారం గరిటెను ఎర్ర దారం గిన్నెలో పడేశారు.

మహీన్ కెవ్వుమంది. ఝాన్సీలక్ష్మి గారి ముఖం పాలిపోయింది. ఈ పూట కూడా ఆపిలేనా?

రెండూ చల్లగా, ఖాళీగానే ఉన్నాయి కాబట్టి పరవాలేదని మహీన్ మనవరాలు ఇంగ్లిష్‌లో చెప్పింది. మహీన్ ఝాన్సీలక్ష్మి గారి చేతి మీద ఒక్కటి వేసి, స్టవ్ దగ్గర నుంచి తరిమి, గుడ్లు పగలగొట్టింది. వేగుతున్న ఉల్లిపాయల వాసన ఆ కొత్త ఇంట్లో మొదటి ఉదయంలా పరుచుకుంది.

మహీన్ మొదటి ముద్ద మింగాకే ఝాన్సీలక్ష్మి గారు ఊపిరి వదిలి, స్పందన చెవిలో గొణిగారు: "దాతా గీతా అని రాయకు తల్లీ. మా అత్తగారి మడి పడలేక ఇంత దూరం పారిపోయొచ్చి, టికెట్ కొనిచ్చి మరీ ఇంకో అత్తగారిని తెచ్చుకున్నానని రాయి!"