ఓడను జప్తు చేసిన నాలుగు రోజులు

అరవైల చివర్లో శ్రీకాకుళంలో కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్ర ప్లీడర్లకు తెలియని చట్టం ఉండేది కాదు. నాకైతే మరీను. ఎవరేం అడిగినా క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పేవాణ్ణి. (ఆలోచిస్తే తెలియదని తెలిసిపోతుందని భయం.) అలాంటి రోజుల్లో ఒకనాడు మా సీనియర్ గారు నా చేతిలో కోర్టు ఉత్తర్వు పెట్టి, "సాయంత్రం ఓడ వెళ్ళిపోతుందట. జప్తులు చేసే కోర్టు అమీనాను తీసుకెళ్ళి ఆపించు" అన్నారు, ఎడ్లబండిని ఆపమన్నంత తేలిగ్గా.

సంగతేమిటంటే, ఇంజను చెడిన విదేశీ ఓడ ఒకటి శ్రీకూర్మం దిగువనున్న పల్లె ఎదుట లంగరు వేస్తూ సుక్కాని తాత అని అందరూ పిలిచే ముసలి జాలరి నావను నుజ్జు చేసింది. మనుషులు ఈది బయటపడ్డారు గానీ నావ పోయింది. తాతకు ఉన్నది ఆ నావొక్కటే. ఇంజను బాగుపడి ఓడ గనక కదిలిపోతే ఏ దేశం వెళ్ళి ఎవణ్ణి అడుగుతాడు?

జప్తులు చేసీ చేసీ నెరిసిపోయిన అమీనా గారు ఒడ్డున నిలబడి ఓడను చూసి నోరు తెరిచారు. "ఓలమ్మ! ప్లీడరు బాబూ, ఇది సరాస్తా, స్థిరాస్తా? సరాస్తయితే కోర్టుకి తోలుకెళ్ళాల. ఎడ్లయితే తోలుకొచ్చీవోణ్ణి. దీన్నెవుడు తోల్తాడు?" నిజమే కదా! ఓడల చట్టం పాఠం చెప్పిన రోజున నేను మ్యాట్నీలో ఉన్నాను. అయినా తొణక్కుండా, "లంగరు వేసి ఉంది కాబట్టి స్థిరాస్తే" అని తీర్పు చెప్పేశాను. స్థిరాస్తి అయితే తప్పెట కొట్టి చాటాలి, కాగితం అంటించాలి. తప్పెట వాయించడానికి వచ్చినతను కెరటాన్ని చూసి వెనక్కి పోతే, అమీనా గారే దాన్ని మెడలో వేసుకుని తాత తమ్ముడి నావ ఎక్కారు. వెనకే తాతా, నేనూ ఎక్కాం.

కెరటాలు దాటేలోగా పొద్దున తిన్న చద్దన్నం సముద్రానికి సమర్పించుకున్నాను. తాత నా వీపు రాస్తూ, "కక్కీ బాబూ, కక్కీ. సిగ్గేటి?" అన్నాడు. తల ఎత్తేసరికి ఎదురుగా ఓడ. అంత ఇనుము ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. దాని నీడలోకి వెళ్ళగానే ఎండ పోయింది, గాలి చల్లబడింది. దీన్నా నేను ఆపేది?

అమీనా గారు మాత్రం తన పనిలో పడిపోయారు. తప్పెట మోగించి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా..." అని సముద్రంలో చేపలన్నిటికీ వినబడేలా చాటారు. పైనుంచి నావికులు చప్పట్లు కొట్టారు, ఒకడు చిందులు కూడా వేశాడు. ఇదేదో మా ఊరి స్వాగతం అనుకున్నారు కాబోలు, నవ్వుతూ తాడు నిచ్చెన వదిలారు. దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ అమీనా గారి వెనకా, తాత వెనకా ఎక్కాను.

కెప్టెన్ కాగితం చదివాడు. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చదివి, టోపీ తీసి, ఎక్కడ అంటిస్తారని మర్యాదగా అడిగాడు. జిగురు తేవడం మరిచిపోయిన అమీనా గారు తన టిఫిన్ కారియర్ విప్పి నాలుగు అన్నం మెతుకులు నలిపి కాగితాన్ని ఓడ స్తంభానికి అంటించారు. కెప్టెన్ ఎవరికో ఏదో చెప్పాడు. నా పాదాల కింద అప్పటిదాకా వణుకుతున్న ఇనుము నిశ్శబ్దమైపోయింది. మా ఊరి కోర్టు ముద్రకు అంత ఓడా ఆగింది! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

కెప్టెన్ తాతను చూపించి ఏం కావాలో అడగమన్నాడు. "నా నావ నాకిమ్మను బాబూ. అంతకన్నా నాకేటొద్దు" అన్నాడు తాత.

ఓడవాళ్ళు కొత్త నావకు సరిపడా కలప, కొబ్బరి తాడు ఒడ్డుకు చేర్చాకే ఓడ కదలాలని కోర్టు షరతు పెట్టింది. ఆ నాలుగు రోజులూ నేను పనులు మానుకుని బస్సెక్కి పల్లెకు వెళ్ళి నా ఓడను చూసుకుంటూ కూర్చున్నాను. అవును, నా ఓడే! కలప లారీ ఏ నరసన్నపేట దగ్గరో ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. తాత తరఫు ప్లీడరుగా అలా అనుకోవడం ఎంత పాపమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో రోజు లారీ వచ్చింది. తాత ఒక్కో పలకనూ తట్టి, వాసన చూసి, తృప్తిగా తల ఊపాడు. అమీనా గారు వెళ్ళి కాగితం పీకి వచ్చారు. ఓడ పెద్దగా కూత పెట్టి మెల్లగా తిరిగింది. అది నాకే చెప్పిందనుకుని నేను చెయ్యెత్తాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

తాత నా మొహంలోకి తొంగి చూశాడు. "ఇదేటి బాబూ, నావ పోయినోణ్ణి నాను. నువ్వేడస్తన్నావేటి?"

తర్వాత నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేశాను. పెద్ద పెద్ద కేసులే గెలిచాను. అంత పెద్దది ఏదీ మళ్ళీ నా మాటకు ఆగలేదు. ఇంట్లో మనవడు సైకిలు కూడా ఆపడు. ఒడ్డున చెయ్యెత్తి నిలబడ్డ ఆ వెర్రి కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకుంటాను. కానీ ఓడ వెళ్ళిపోయేటప్పుడు వాడు కాసేపు ఏడ్చినందుకు మాత్రం వాణ్ణి ఏమీ అనబుద్ధి కాదు.