తరంగంబాడి ఒడ్డున చేపల పులుసు

"ఊటీ వెళ్ళొచ్చారటగా టీచరు గారూ, ఎలా ఉందండీ?" అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఊటీలో ఉల్లిపాయలు చిన్నవి. తొక్క గట్టిది, ఘాటు ఎక్కువ. ఊటీ గురించి నాకు తెలిసింది అంతే.

అది గోదావరికి పుష్కరాలు వచ్చిన ఏడాది, 2003. ఆ వేసవిలోనే నేను రిటైరయ్యాను. మాది గుండుగొలను. ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పాను. మావారు తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేసి, నాకంటే రెండేళ్ళు ముందే ఇంటికొచ్చి కూచున్నారు. దసరాకి గూడెం నుంచి టూరు బస్సు వేస్తున్నారని ఆయనే కరపత్రం తెచ్చారు. పది రోజులు. ఊటీ, కొడైకెనాల్, వేళాంగణి, తరంగంబాడి, పాండిచ్చేరి, మహాబలిపురం. కొండలు ముందు, సముద్రం తరవాత. కరపత్రం చదువుతూ ఆయన ఊటీ దగ్గర ఆగారు. నేను తరంగంబాడి దగ్గర ఆగాను.

చాలామందికి ఆ పేరు తెలియదు. తమిళనాడులో డేన్లు, అంటే డెన్మార్కువాళ్ళు, సముద్రపు ఒడ్డున కోట కట్టుకున్న ఊరు అది. ఎనిమిదో తరగతిలో 'ఐరోపావారి రాక' పాఠం వచ్చినప్పుడల్లా నేను నల్లబల్ల మీద ఆ కోట బొమ్మ గీసేదాన్ని: మూడు ఎత్తయిన బురుజులు, మధ్య బురుజు మీద జెండా, కింద కెరటాలు. ఆ బొమ్మ నాకు మా నాన్న నేర్పింది. ఆయన మిషన్ బడిలో పంతులు. మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు ఓడ దిగింది అక్కడేనని, వాళ్ళ అచ్చుయంత్రం దిగింది కూడా అక్కడేనని చెబుతూ నా పలక మీద గీసేవారు. "ఎప్పటికైనా వెళ్ళి చూడాలే అమ్మా" అనేవారు. ఆయన రాజమండ్రి దాటకుండానే పోయారు. అందుకని నాకు ఆ టూరులో కావలసింది ఒకటే, ఆ కోట. మిగతా ఊళ్ళు చూసినా సరే, చూడకపోయినా సరే అనుకున్నాను. అలా అనుకోవడమే తప్పయింది, దేవుడు విన్నట్టున్నాడు.

మా వైపు నుంచి బయల్దేరే టూరు బస్సుల సంగతి ఎక్కినవాళ్ళకి తెలుసు. టాపు మీద సగం సామాను వంటదే. బియ్యం బస్తాలు, గ్యాసు బండలు, గుండిగలు, నూనె డబ్బాలు, ఆవకాయ జాడీ. పై రాష్ట్రం కూడు మనవాళ్ళకి పడదు. అక్కడ సాంబారు తియ్యగా ఉంటుందని, అన్నం లావుగా ఉంటుందని గుమ్మం దాటకముందే భయం. కాబట్టి ఏ ఊరు చేరినా ముందు ఒక చెట్టో గోడో చూసుకుని పొయ్యి దింపుతారు, ఊరు సంగతి ఆ తరవాత. ఇంటికొచ్చాక చెప్పుకునేదీ తిండి గురించే. "మైసూరులో దొండకాయ వేపుడు పెట్టారండీ, ఎంత బావుందనుకున్నారూ!" అంటారు. దొండకాయ వేపుడు తినడానికి అంత దూరం పోవడమెందుకు? మా ఊళ్ళో దొండకాయలు దొరుకుతాయి.

మా బస్సుకి ఇద్దరు వంటవాళ్ళు రావాలి. ఏలూరులో ఎక్కాల్సిన రెండో ఆయన ఎక్కలేదు. టూరు నడిపే పెద్దమనిషి సీట్ల మధ్య నిలబడి చేతులు నలుపుకుంటూ, "ఏమీ అనుకోకండేం. ఆడవాళ్ళెవరైనా కూరల దగ్గర ఓ చెయ్యి వేస్తే, మనం మనమే కదండీ" అన్నాడు. బస్సులో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కిటికీల్లోంచి ఏలూరు చూడటం మొదలుపెట్టారు. అప్పుడు నా పక్క సీటులోంచి గొంతు లేచింది.

"దానికేం భాగ్యమండీ! మా ఆవిడ ఉందిగా!"

ఈ మాటతోనే నా కాపురం గడిచింది. చర్చిలో ప్రేమవిందు అంటే ఉల్లిపాయలకి మా ఆవిడ ఉందిగా. మిల్లు వాళ్ళింట్లో పెళ్ళంటే అరిసెల పాకానికి మా ఆవిడ ఉందిగా. ఎదురింటివాళ్ళ పిల్లకి లెక్కలు రాకపోతే, నేను సోషల్ టీచర్నన్న సంగతి కూడా మరిచిపోయి, మా ఆవిడ ఉందిగా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ముప్పై అయిదేళ్ళుగా నా రెక్కలు ఆయన దానం చేస్తున్నారు. పేరు మాత్రం ఆయనకి. "మీవారు ఎంత పరోపకారండీ!" అని నా ఎదురుగానే అంటారు, నేను పిండి చేతులతో నిలబడి ఉండగా.

మరి కాదనొచ్చుగా అంటారు. కాదనడం మాకెవరు నేర్పారు? మా గోదావరి జిల్లాల్లో మనిషిని చంపాలన్నా "కొంచెం ఇటు తిరుగుదురూ" అని అడుగుతారు. ఆ పెద్దమనిషి, "టీచరు గారూ, శ్రమనుకోకుండా ఆ బెండకాయలు ఒక్కసారి చూద్దురూ" అంటే మెత్తగా లేచి వెళ్ళి కత్తిపీట ముందు కూచున్నాను. మొహమాటానికి పోయినావిడ సంగతి మా ఊళ్ళో ఒక మోటు సామెతలో ఉంది. పంతులమ్మని కాబట్టి రాయడం లేదు.

ఊటీలో అందరూ పూలతోటకీ చెరువుకీ వెళ్ళారు. నేను ఒక షెడ్డులో, చీర మీద మావారి పాత కోటు తొడుక్కుని ఉల్లిపాయలు కోశాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయి పాయ జారిపోతోంది. ఆయన నీలగిరి తైలం సీసాతో తిరిగొచ్చి, "అబ్బ, నువ్వు చూసి తీరాల్సిందే!" అన్నారు. నేను ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను. కొడైకెనాల్లో మబ్బు లోయలోంచి పైకొస్తుందట. నా ముందు సొరకాయల గుట్ట ఉంది. వేళాంగణిలో పది నిమిషాలు దొరికితే గుళ్ళోకి పరిగెత్తాను. చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే వేళ్ళ నుంచి వెల్లుల్లి వాసన. ప్రార్థన ఏం చేశానో గుర్తు లేదు.

నా పక్కన కూరలు తరగడానికి కూచున్నది ఒక్కావిడే. ఏలూరులో టైలరు గారి భార్య. ఆవిడ కూచుంటే పక్కనే టైలరు గారూ గొంతుక్కూచుని బంగాళాదుంపలు చెక్కేవారు. "మీరు వెళ్ళి చూసి రండి, ఇక్కడ మేమున్నాం" అన్నాను కొడైకెనాల్లో. ఆయన తలెత్తకుండానే, "ఇద్దరం చూస్తేనే చూసినట్టండీ" అన్నారు. మావారు అప్పుడే కెమెరా భుజాన వేసుకుని అటు వెళ్తూ ఆ మాట విన్నారు. విని, "చాలా మంచాయన" అని నాతో అని, వెళ్ళిపోయారు.

తరంగంబాడి చేరబోయే ముందు బస్సులో ఆయనకి చెప్పాను.

"ఏవండీ, ఈ ఒక్క పూట నన్నొదిలేయండి. ఆ కోట చూడాలి. మా నాన్న కోసం."

"నిన్నెవరు కట్టేశారే?" అన్నారు ఆశ్చర్యంగా. నిజంగానే ఆశ్చర్యపోయారు. అదే నాకు మరీ మండింది.

టూరు పెద్దమనిషికీ చెప్పాను, నాకు అక్కడ గంటసేపు కావాలని. "గంటేంటండీ టీచరు గారూ, రెండు గంటలు ఆగుతాం. మధ్యాహ్నం వంట అక్కడేగా!" అన్నాడు అభయమిచ్చినట్టు.

బస్సు కోటకి కనుచూపు దూరంలోనే ఆగింది. ఇసక, పడవలు, ఆ వెనక పొడుగాటి గోడ. నేను దిగి చెప్పులు సర్దుకుంటూ ఉండగానే మా బస్సులోని ఆకివీడు ఆయన, చేపల చెరువుల ఆసామి, పడవల దగ్గర్నుంచి పెద్ద బుట్ట మోయించుకుని వచ్చాడు. నిండా సముద్రపు చేపలు. "చెరువు చేప తినీ తినీ నాలుక చచ్చిందండీ. ఇవాళ పులుసు పెట్టించుకుందాం" అన్నాడు. వంటాయన బుట్టలోకి చూసి, తనకి శాకాహారమే వచ్చన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మావారి మొహం చూశాను. వద్దండీ, వద్దండీ అని కళ్ళతోనే అన్నాను.

"చేపల పులుసంటే మా ఆవిడ చేతిదే తినాలండీ," అన్నారాయన. "మా ఆవిడ ఉందిగా!"

కూచున్నాను. నిజం దాచడమెందుకు, కూచున్నాను. బూడిద తెప్పించి, రాయి కడిగి, మొదటి చేప తోమేశాను కూడా. పొలుసులు మోచేతుల దాకా అంటుకున్నాయి. అప్పుడు తలెత్తితే, నలభైమందీ గుంపుగా కోట వైపు నడుస్తున్నారు. అందరికంటే ముందు మావారు, చెయ్యి చాచి చూపిస్తూ. గాలి ఇటు వీస్తోంది, మాటలు వినిపిస్తున్నాయి.

"డేన్లు కట్టిందండీ ఇది. మన మొదటి మిషనరీలు దిగిందీ ఇక్కడే. మా మావగారు చెబుతుండేవారు..."

నా పాఠం. మా నాన్న మాట. నేను చేపలు తోముతుంటే ఆయన నలుగురికీ పంచిపెడుతున్నారు.

లేచాను. ఆఖరి బెంచీలో గోల చేసేవాళ్ళ మీద వాడే గొంతు రిటైరయ్యాక మళ్ళీ అప్పుడే తీశాను. "ఏవండీ! ఇటు రండి!"

నలభైమందీ ఆగిపోయారు. ఆయన వచ్చారు. ఆయన మెడలోంచి కెమెరా తీసి పక్కన పెట్టి, రాయి చూపించాను.

"నాకు రాదే," అన్నారు.

"పెళ్ళినాటికి నాకూ రాదండీ."

టూరు పెద్దమనిషి పరిగెత్తుకొచ్చి, "అయ్యయ్యో టీచరు గారూ, మరి పులుసు..." అన్నాడు.

"మావారు ఉన్నారుగా అండీ," అని, సముద్రపు నీళ్ళతో చేతులు కడుక్కుని కోటలోకి వెళ్ళిపోయాను.

బురుజులు లేవు. మూడు కాదు, ఎత్తయినది ఒక్కటి కూడా లేదు. రెండంతస్తుల పొడుగాటి కట్టడం, పైన ఒంటె మూపురాల్లాంటి గుమ్మటాలు, చుట్టూ మందపాటి గోడ, గోడ అవతల సముద్రం. ముప్పై మూడేళ్ళు నేను పిల్లలకి లేని కోట గీసి చూపించాను. మా నాన్న నాకు లేని కోట గీసి చూపించారు, చూసే యోగం లేక. చూసిన వాళ్ళెవరూ మాకు చెప్పలేదు, మమ్మల్ని ఎవరూ పంపలేదు, మేము సుద్దముక్కతో ఊహించుకుంటూ బతికాం. నాకు ఏడుపు వచ్చింది. కోపంతోనే ఏడ్చాను. గోడ మీద కూచుని, "నాన్నా, బురుజుల్లేవు" అని పైకే అన్నాను. భోజనాలకి పిలుస్తూ బస్సు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. లేవలేదు. మొదటిసారిగా నా కోసం ఒక బస్సు ఆగనీ అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి మావారి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. టైలరు గారూ ఆయనా కలిసి తోమారట, పులుసు టైలరు గారి భార్య పెట్టిందట. తింటుంటే పంటి కింద పొలుసులు తగులుతున్నాయి. "ఫరవాలేదండీ, బానే ఉంది" అన్నాడు ఆకివీడు ఆయన, పొలుసు ఉమ్మి. కోట చూడటానికి మావారికి టైము మిగల్లేదు. బస్సు కదిలాక గోడ కనపడినంతసేపూ కిటికీలోంచి చూశారు. "లోపల ఎలా ఉందే?" అన్నారు మెల్లగా. "మీరు అందరికీ చెబుతున్నారుగా" అన్నాను. పాండిచ్చేరిలో ఉల్లిపాయల దగ్గర ఆయనే కూచున్నారు. మహాబలిపురం వచ్చేసరికి మళ్ళీ కెమెరా మెడలోకి ఎక్కింది. పుట్టుకతో వచ్చింది అంత తొందరగా పోతుందా?

ఆ డిసెంబరులో క్రిస్మస్ ప్రేమవిందుకి పాస్టరు గారు ఆరాధన అయ్యాక ఉల్లిపాయల సంగతి ఎత్తారు. అలవాటు కొద్దీ అందరూ మావారి వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచారు. "మా ఆవిడ..." అని ఆగి, బొటనవేలు చూసుకున్నారు. "మా ఆవిడనడగండి," అన్నారు.

పాస్టరు గారు నన్నడిగారు. ముప్పై అయిదేళ్ళలో నన్ను నేరుగా అడగడం అదే మొదలు. "నాకు కుదరదండీ" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! ఇంత తేలికైన మాటని ఇన్నేళ్ళు మోసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మావారు వెళ్ళి కోశారు.

ఆ సాయంత్రం ఆయన ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చేసరికి నేను పాత పలక తీసి కోట గీస్తున్నాను, బురుజులు లేకుండా. ఆయన నా వెనక నిలబడి చూశారు. "ఇదేనా?" అన్నారు. ఇదే అన్నాను. ఆయనెళ్ళి ఊటీ ఫోటోలు తెచ్చి నా ముందు పరిచారు. చెరువు, పూలు, చిన్న రైలు, దేని పక్కన చూసినా ఆయనొక్కరే నవ్వుతూ. ఏలూరు టైలరు గారి మాటే నిజమైతే, ఆ పది రోజుల్లో మేమిద్దరం ఏమీ చూడలేదు.