ఓబులమ్మ మోకాలు

1956లో నేను కడప దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్ టీచర్‌ని. ఆటస్థలమంటే రాయిలాంటి ఎర్రనేల. లాంగ్‌జంప్ దూకే గుంతలో ఇసుక అడుగంటింది. వేయించమని అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది. "వాన పడితే అదే మెత్తబడుతుంది లేమ్మా" అనేవారు హెడ్‌మిస్ట్రెస్ గారు. కడపలో వాన!

ఫిఫ్త్ ఫారం, అంటే పదో తరగతి చదివే ఓబులమ్మ దూకితే చూడాలి. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళు లోపలికి వాల్చి, కాళ్ళు కట్టెల్లా బిగబట్టి దిగేది. మోకాళ్ళు వంచి మెత్తగా దిగమని రోజూ మొత్తుకునేదాన్ని.

"అట్ల దిగితే దూరం తగ్గుతాది టీచర్!"

పోటీలకు ముందు బాల్‌బ్యాడ్మింటన్ ఆడుతూ ఒక మోకాలు మెలికపడి వాచింది. పోటీల్లోంచి ఆమె పేరు కొట్టేశాను. వాళ్ళమ్మ ఉప్పుకాపడం పెట్టి, దిష్టి తీసి పంపింది. కప్పు పోతుందని హెడ్‌మిస్ట్రెస్ గారు పేరు మళ్ళీ రాయించారు. ఇక ఆ పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నొప్పేం లేదు టీచర్. సూడండి, ఎట్ల పరిగెత్తుతాండానో!"

పోటీల రోజు ఆ గుంతలోనే దూకింది. దిగగానే మోకాట్లో టప్‌మన్న చప్పుడు నా దాకా వినిపించింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు మోకాలు వంచి, పిక్కను ముందుకు లాగారు. సొరుగులా కదిలింది. "లిగమెంట్ తెగింది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ అది. గట్టినేల, తప్పుగా దిగడం, దెబ్బ మానకముందే మళ్ళీ ఆట! ఇంకేం కావాలమ్మా?" అని కేకలేశారు. ఎవరిమీద? నామీద!

కట్టుకట్టిన కాలితో ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దూరం కొలిసినారా టీచర్?"

ఏడవాలో, కొట్టాలో తెలియలేదు.

వాళ్ళ నాయన ఎల్లప్ప చదువు మాన్పిస్తాడేమోనని భయపడుతూ వాళ్ళ ఊరికి పోయాను. "ఆడపిల్లకు ఈ ఎగురులాటలేందమ్మా?" అని కసిరాడు. మళ్ళీ తనే, "ఇంగ ఇది సేన్లో వంగి కలుపు తీయల్యాదు. కూసోని సేసే పనే సూసుకోవాల. సదవనీలే" అన్నాడు.

కొంచెం కుంటుతూనే ఎస్సెస్సెల్సీ పాసై టీచర్ ట్రైనింగుకు పోయింది. మళ్ళీ దూకలేదు.

ఆడాలనుకున్న పిల్ల నొప్పి ఉందని చచ్చినా చెప్పదు. ఆ తర్వాత నేను నొప్పుందా అని ఎవర్నీ అడగలేదు. మానిందన్న ఒక్క కాలిమీదే గెంతించి, ముఖం చూసేదాన్ని. పెదవి బిగిస్తే చాలు, ఇంటికి పంపేసేదాన్ని. పేరు ఎవరు రాయించినా సరే, మళ్ళీ కొట్టేసేదాన్ని. పిల్లలు నన్ను రాక్షసి అనేవాళ్ళట. అననీ.