ఉత్తరేణి పట్టుకున్న చీర

కంబదూరు దగ్గర మా మెట్టచేనులో చెనిక్కాయ పంట వాడిపోయిన ఏడు కూడా రాళ్లకట్ట పక్కన ఉత్తరేణి పచ్చగానే ఉంటుంది. దాన్ని ఎవరూ విత్తరు, నీళ్లూ పోయరు. మేకలు కొరికిపోయినా మళ్లీ చిగురిస్తుంది. పొడవాటి వెన్నులు, వాటినిండా ముళ్లగింజలు. పక్కనుంచి నడిచామంటే చీర అంచుకు గింజలే గింజలు.

వినాయక చవితి పత్రిలో ఉత్తరేణి ఉండాలి కదా, ధర్మవరంలోని పుట్టింటికి ఏటా నేనే తీసుకుపోతాను. అంగట్లో కొన్న పత్రి నాయనకు నచ్చదు. పట్టుచీరలు నేసే మనిషి. ఏ పత్రి తెచ్చినా మొదటి రెమ్మ మగ్గానికి పెట్టాకే దేవుడి దగ్గరికి పంపుతాడు. నాకు అమ్మ అక్షరాలు దిద్దించిందీ, దండం పెట్టడం నేర్పిందీ ఆ మగ్గం పక్కనే.

మొన్నటి చవితి ఆలస్యంగా వచ్చింది. వెన్నులు ముదిరాయి. పండుగ ముందురోజు నేను పత్రి కట్ట దించగానే నాయన ఒక రెమ్మ మగ్గం మీద పెట్టి, దండం పెట్టుకుని, నేతకు కూర్చున్నాడు. మగ్గం అదురుకు రెమ్మ జారి నేస్తున్న చీర కొంగు మీద పడింది. చూసుకునేసరికి గింజలు జరీని కరుచుకుని ఉన్నాయి. అది పెళ్లికూతురి ముహూర్తం చీర, సాయంత్రానికి ఇచ్చేయాలి. ఒక్క పోగు లేచినా నేయించే షావుకారు తీసుకోడు.

నాయన పీకబోయాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

“లాగొద్దప్పా, పోగు లేస్తాది.”

“దేవుని పత్రే కదమ్మే, ఆయప్పే ఇడిపిస్తాడులే.”

“పట్టించేది నువ్వూ నీ కూతురూ, ఇడిపించేది నేను. జరుగు.”

అమ్మ ఒక్కో గింజనూ గోళ్ల మధ్య పట్టి, చీరకు తగలకుండా నలిపింది. ముళ్లు పొడిపొడిగా రాలాయి. నాయన మెల్లగా ఊదుతూ కూర్చున్నాడు. నేను మనసులో స్వామిని తలుచుకుంటూ దీపం పట్టినట్టు టార్చి పట్టుకున్నాను.

సాయంత్రం షావుకారు కొంగు మీద అరచెయ్యి ఆనించి చివరిదాకా జరిపాడు. మా ముగ్గురి చూపూ ఆ చేతి వెంటే పోయింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. బాగుందన్నాడు. నాయన అమ్మ వైపు చూసి, “రేపు మొదటి ఉండ్రాయి నీకేలే” అన్నాడు.

పండుగ అయ్యాక కంబదూరు బస్సులో చూసుకుంటే నా కుచ్చిళ్లలో ఇంకా రెండు గింజలున్నాయి. అమ్మలాగే నలపబోయి ఆగాను. మా చేనుగట్టు దాకా అలాగే తీసుకొచ్చి, ఊడదీసి, రాళ్లకట్ట పక్కన వేసి దండం పెట్టాను. వచ్చే చవితికి మాత్రం లేతవే కోసుకుపోతాను. అమ్మ గోళ్లకు కొంచెం విశ్రాంతి.