మారుచెవి లేని కంప్యూటర్ షాపు

ముక్తియార్ వాళ్ళ నాన్న పుంగనూరు బస్టాండు దగ్గర ముప్పై ఏళ్ళు తాళాలు బాగుచేశాడు. తాళం, మా వైపు బీగం అంటారు, తెచ్చి చూపిస్తేనే దానికి మారుచెవి చేసిచ్చేవాడు. ఉత్త తాళంచెవి మాత్రం తెచ్చి "ఇట్లాంటిది ఇంకోటి చెయ్యి సాయిబూ" అంటే, "బీగం యాడుండాదో సూపించప్పా" అని పంపేసేవాడు. కొడుక్కి ఆ పని రాలేదు గాని, ఆ పట్టింపు వచ్చింది.

ముక్తియార్ కంప్యూటర్ షాపు పెట్టాడు. ఐదు కంప్యూటర్లు. గది కదిరప్పది, వ్యాపారంలో సగం వాటా కూడా ఆయనదే. ఆ రోజుల్లో మా వైపు అన్ని షాపుల్లోనూ ఉన్నది దొంగ విండోసే. ఒకే సీడీ మదనపల్లె నుంచి కుప్పం దాకా నకళ్ళుగా తిరిగింది. ఎక్కించేటప్పుడు తెరమీద వచ్చే షరతుల్ని చదివిన మనిషి ఈ మూడు ఊళ్ళలో ముక్తియార్ ఒక్కడే. చదివాక ఊరుకోలేకపోయాడు. 2006 వేసవిలో విండోస్ మొత్తం తీసేసి, ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి, ఊరికే వాడుకున్నా దొంగతనం కాని లినక్స్ ఎక్కించాడు.

ఊరు నవ్వింది. మా ఊళ్ళో ఎవడైనా అడగకుండా మంచి పని చేస్తే వాడికి ఏదో జబ్బు ఉందనుకుంటారు. నేను డిగ్రీ తప్పి లైబ్రరీలో కూర్చుని చదువుకుంటుంటే నా గురించీ అదే అనుకున్నారు. అందుకే ఆ షాపు నాకు నచ్చింది. పొద్దున పోయి కూర్చుంటే అన్నం వేళకు లేచేవాణ్ణి.

మెయిళ్ళు, పరీక్షా ఫలితాలు లినక్స్‌లో బాగానే కనబడేవి. చిక్కంతా ఆటలతోనే. కుర్రాళ్ళు వచ్చేది క్రికెట్ ఆట కోసం. అది విండోస్ కోసం చేసిన ఆట. ముక్తియార్ బెంగళూరు పోయి అసలు సీడీ కొనుక్కొచ్చి, వైన్ అనే ప్రోగ్రాంతో దాన్ని లినక్స్ మీద ఆడించాలని పట్టుబట్టాడు. పుంగనూరు పశువుల సంతలో కన్నడం రైతుకీ తెలుగు రైతుకీ నడుమ దళారి నిలబడి ఇద్దరి మాటా నడిపిస్తాడు చూడండి, వైన్ చేసేది అదే. ఆట విండోస్ భాషలో అడుగుతుంది, వైన్ లినక్స్ చేత ఇప్పిస్తుంది.

రెండు నెలలు పట్టింది. ఆట నడిచింది. ఒక్క లోపం మాత్రం మిగిలింది: తెరమీద అంపైర్ తల కనబడేది కాదు. కుర్రాళ్ళు వారంలో అలవాటు పడ్డారు. సీడీ డ్రైవులో ఉంటేనే ఆట మొదలవుతుంది కాబట్టి, చేతులు మారి గీతలు పడకుండా ముక్తియార్ దాన్ని ఒక కంప్యూటర్ లోపలే ఉంచి, డ్రైవు మూతకు మందుల షాపు ప్లాస్టర్ అంటించాడు. ఎంతైనా తాళాల సాయిబు కొడుకు.

మదనపల్లెలో జయచంద్ర అని ఇంకో షాపాయన. వాళ్ళ కుర్రాళ్ళకూ మా కుర్రాళ్ళకూ దసరా తరువాతి ఆదివారం మా షాపులో పోటీ కుదిరింది. ఆ ఏడు దసరా రంజాన్ నెలలో వచ్చింది. ఆయుధపూజ నాటి సాయంత్రం ముక్తియార్ ఉపవాసం విడవడానికి ఇంటికి పోయాడు. కదిరప్ప పూజ చేశాడు. ఆయన ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. తెరలకు, కీబోర్డులకు, మౌసులకు, చివరికి ఫ్యానుకు కూడా పసుపూ కుంకుమా పెట్టాడు.

మరునాడు ఆట తెరిస్తే "సీడీ పెట్టండి" అని వచ్చింది. ఎన్నిసార్లు తెరిచినా అదే మాట. పూజకు ముందురోజే ముక్తియార్ వైన్ కొత్తది ఎక్కించాడు. కనుక తప్పు దానిదేనని నమ్మాడు. పాతది మళ్ళీ ఎక్కించాడు. లాభం లేదు.

"రంజాన్ నెలలో ఎప్పుడు సూసినా వైను వైను అంటాండావు, దేవుడికి కోపం రాదా?" అన్నాడు కదిరప్ప.

"నువ్వు ఊరికే ఉండన్నా."

"ఊరికే యాల ఉండేది? ఆదివారం ఆ మదనపల్లె పిల్లోళ్ళు ఈడికొచ్చి నగి పోతే రేపు మన షాపు తొక్కేదెవురు? శనివారందాకా సూస్తా. కాకుంటే జయచంద్రను పిలిపించి విండోస్ ఎక్కిస్తా. అరగంట పని."

"దొంగ విండోస్ ఎక్కితే నేను ఈ షాపులో ఉండనన్నా," అన్నాడు ముక్తియార్, తలెత్తకుండా.

కదిరప్ప నా వైపు చూశాడు. నేను తలుపు వైపు చూశాను.

కుప్పంలో ఒక కాలేజీ ల్యాబులో ముక్తియార్ మేనత్త కొడుకు తన్వీర్ పనిచేసేవాడు. అక్కడ నెట్ వేగం ఎక్కువ. గురువారం ఇద్దరం బస్సెక్కాం. నేను కిటికీ వైపు తిరిగి బన్ను తిన్నాను. ముక్తియార్ ఉమ్మి కూడా మింగకుండా దారంతా వైన్ గురించే చెప్పాడు. తన్వీర్ వైన్‌లో కొత్తవీ పాతవీ కలిపి నాలుగు రకాలు, లినక్స్‌తో సహా, ఒక సీడీలో రాసిచ్చాడు.

"ఇదీ కాకుంటే వదిలెయ్ భాయ్. ఆట కోసం ఇంతనా?" అన్నాడు.

"ఆట కోసం కాదురా," అని మాత్రం అన్నాడు ముక్తియార్.

ప్లాస్టర్ పీకకుండా, ఆ సీడీని పక్క కంప్యూటర్లో పెట్టి, అందులోవి వైరు మీదుగా ఆట కంప్యూటర్లోకి పంపి, నాలుగూ ఎక్కించి చూశాడు. నాలుగుసార్లూ "సీడీ పెట్టండి."

శనివారం జయచంద్ర రెండు సీడీలు జేబులో పెట్టుకుని వచ్చాడు. ముక్తియార్ లేచి కుర్చీ ఇచ్చాడు. గోడకున్న వాళ్ళ నాన్న ఫోటో తీసి సంచీలో పెట్టుకున్నాడు. ఆ మనిషి నిజంగానే పోతున్నాడని నాకప్పుడు అర్థమైంది.

"నా మీద కోపం పెట్టుకోవద్దు భాయ్. కదిరప్పన్న రమ్మంటే వచ్చినా," అంటూ జయచంద్ర కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. తన సీడీ పెట్టాలంటే డ్రైవు తెరవాలి గదా. ప్లాస్టర్ పీకి బటన్ నొక్కాడు. ట్రే బయటికొచ్చింది. ఆటసీడీని ఎత్తి వెనక్కి తిప్పాడు.

"ఇదేందన్నా, దీనికి సీమంతం చేసినారా?"

తళతళలాడే వైపు, నడుమ చిల్లు పక్కనే, రూపాయంత పసుపు, దానిమీద కుంకుమ. ఎండి గట్టిపడి ఉంది.

అందరం కదిరప్పను చూశాం.

"అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటే ఎట్లప్పా?" అన్నాడాయన. "పైన బ్యాటు పట్టుకున్న పిల్లోడి బొమ్మ ఉండాది. మొగం మింద పూస్తే బాగుండదని తిరగేసి పెట్టినా. ప్లాస్టర్ కూడా మళ్ళా అంటించినా గదా."

ముక్తియార్ సంచీలోంచి చేతిరుమాలు తీసి, నీళ్ళు అద్ది, నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడిచాడు. పెట్టాడు. ఆట మొదలైంది. ఈసారి సంచీలోంచి ఫోటో తీసి మేకుకు తగిలించాడు.

జయచంద్ర తన రెండు సీడీలూ జేబులోనే ఉంచుకుని గంటసేపు చూశాడు. "అంపైర్ తల యాడికి పోయింది భాయ్?" అని ఒక్కసారే అడిగాడు. పోయేటప్పుడు గడపలో నిలబడి, "ఆ కుప్పం సీడీ నాకూ ఒకటి చేసిస్తావా? మా షాపులో కూడా సూస్తా," అన్నాడు.

దాన్ని ఎవరైనా ఎందరికైనా ఇవ్వచ్చు. అందులోని షరతులు కూడా ముక్తియార్ చదివే ఉన్నాడు. వెంటనే నకలు తీసిచ్చాడు. ఆ ఇంట్లో బీగం ఎక్కడుందని అడక్కుండా చేసిచ్చిన మొదటి మారుచెవి అదే.

ఆదివారం మా కుర్రాళ్ళు ఓడిపోయారు. తప్పుగా ఔటిచ్చాడని తలలేని అంపైర్‌ను తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు.