పసుపు చుక్కకు బస్తా కుట్టు

భైంసాలో జమున అంటే ఎవరికీ తెలియదు గానీ బస్తాల జమున అంటే ఇల్లు చూపిస్తారు. తొమ్మిదేళ్లు సోయా గోదాములో బస్తాల మూతులు కుట్టింది. ఆ తర్వాత మిషన్ కొనుక్కుని జాకెట్లు, గౌన్లు కుట్టే దర్జీ అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఆమెకూ పట్టింపు లేదు. పని చేస్తే వచ్చిన పేరే కదా.

కూతురు భూమిక తొమ్మిదో తరగతి. బళ్లో హిట్లర్ కాలం మీద నాటకం వేస్తున్నారనీ, తనకు యూదుల అమ్మాయి వేషం వచ్చిందనీ ఎగురుకుంటూ వచ్చి చెప్పింది. ఆ పిల్ల స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. యూదుల వేషగాళ్లకు గౌన్ల మీద, చొక్కాల మీద నక్షత్రంలా ఆరు మూలల పసుపు చుక్క ఉండాలట. పన్నెండు కావాలని నాటకం వేయిస్తున్న సుధాకర్ సార్ కాగితం మీద బొమ్మ గీసి, బట్టలతో సహా పంపించాడు.

పసుపు అనగానే జమున ముఖం వెలిగింది. మనకు పసుపంటే పెళ్లి, పేరంటం, కొత్తబట్ట మూలకు పెట్టే బొట్టు. యూదులంటే ఎవరో గొప్పింటివాళ్లు కాబోలనుకుంది. పన్నెండు చుక్కలు కత్తిరించి, చుట్టూ జరీ అంచు వేసి, బిడ్డ చుక్కకైతే నడుమ చిన్న అద్దం కూడా కుట్టి, చూపించడానికి తానే బడికి పట్టుకెళ్లింది.

సుధాకర్ సార్ మూట విప్పి చూసి, కుర్చీ ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"జర కూసో జమునక్కా" అన్నాడు. "ఇది సోకుకు పెట్టుకున్నది కాదు. ఆళ్లను దూరంకెల్లి గుర్తువట్టనీకి సర్కారే పెట్టిపిచ్చింది. ముందుగాల కొలువులు తీసేసింది, దుకాణాలు గుంజుకున్నది, పిల్లల్ని బడికెల్లి ఎల్లగొట్టింది. అటెన్క ఇది కుట్టుకొని తిరగమన్నది. ఆఖరుకు రైళ్లల్ల ఎక్కిచ్చి తీస్కపోయి సంపింది. లక్షల మందిని."

"పిల్లలకు సుత పెట్టిన్రా సారూ?"

"ఆరేండ్లు నిండితే పెట్టాల్సిందే."

"ఎవలు కుట్టిన్రు?"

"ఇంట్ల ఆడోళ్లే. కన్న అవ్వలే. వదులుగ కుట్టినా నేరమే."

జమున ఇంటికొచ్చి జరీ అంతా విప్పేసింది. అద్దం పీకేసింది. తెలియక చేసిన పనే అయినా సిగ్గేసింది. పదకొండు చుక్కలు బట్టలకు మిషన్ మీద కుట్టి పక్కన పెట్టింది. పన్నెండోది బిడ్డ గౌను మీద పెట్టి, మళ్లీ తీసేసింది.

"నువ్వు ఆ యేషం ఎయ్యకు బిడ్డా" అంది.

భూమిక ఏడవలేదు, అలగలేదు. "నేను ఎయ్యకుంటె ఇంకో పిల్ల ఏస్తది. అప్పుడు ఆళ్ల అవ్వ కుట్టాలె గద" అంది.

జమున గౌను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. మిషన్ వదిలేసి సూదిలో దారం ఎక్కించింది. ఆ తొమ్మిదేళ్లూ గోదాములో వేసిన బస్తా కుట్టు వేసింది. గొలుసులా ఒకదాంట్లో ఒకటి దూరే కుట్టు అది. పైన చూస్తే గోరు కూడా దూరదు. కొస తెలిసినవాళ్లు పట్టి లాగితే మాత్రం ఒక్క గుంజుకు మొత్తం ఊడివస్తుంది. ఆ తర్వాత మిగతా పదకొండూ విప్పి, వాటికీ అదే కుట్టు వేసింది.

శనివారం పొద్దున బడి ఆవరణలో నాటకం. సిపాయి వేషాలు వచ్చి చుక్కలు గట్టిగా ఉన్నాయా లేదా అని ఒక్కొక్కరినీ తడిమి చూశాయి. భూమిక వంతు రాగానే జమున ఊపిరి బిగబట్టింది. కుట్టు నిలిచింది. రైలెక్కే వరసలో బిడ్డ నిలబడ్డప్పుడు, ఇదంతా నాటకమని తెలిసి కూడా ఆమె కూర్చున్నచోట నుంచి లేచింది.

తెర పడీ పడగానే వెనక నుంచి స్టేజీ ఎక్కింది. బిడ్డ గౌను మీది కొస పట్టి గుంజింది. చుక్క ఊడి చేతిలో పడింది. ఆ తర్వాత వరసనే నడుస్తూ పన్నెండూ తీసి కొంగులో వేసుకుంది.

గుండె మీద మిగిలిన సూది గుర్తులు తడుముకుంటూ భూమిక అడిగింది. "అవ్వా, ఆ అవ్వలకు గీ కుట్టు తెల్వదా?"

"తెల్సే ఉంటది బిడ్డా" అంది జమున. "గుంజినంక ఏడికి పోవాలె? అన్ని తొవ్వలు మూసిన్రు గద."